ఏది ట్రిప్పయింది? ఒక 30 ఆంపుల ట్రైలర్ కేసు

శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది. "అన్నా, మా ట్రైలర్‌లో కరెంటు ఒకటే ట్రిప్పవుతోంది. ఇంటి దగ్గర పెట్టినా అంతే, ఇక్కడ పార్కుకొచ్చినా అంతే. పోయిన నెలలో ఒకతను వచ్చి ఏసీ కెపాసిటర్ మార్చి వెళ్లాడు. ఏం తేడా లేదు. పైగా మొన్న బయల్దేరే ముందు అమ్మకు తలుపు దగ్గర షాక్ కొట్టింది."

టెక్సస్‌లో ఆస్టిన్ చుట్టుపక్కల ఆర్‌వీలు, అంటే చక్రాల మీది ఇళ్లు, ఎక్కడ ఆగితే అక్కడికే వెళ్లి రిపేర్లు చేయడం నా పని. జూలై నెలలో ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయి. నేను మొదట అడిగేది ఒకటే. "ఏది ట్రిప్పయింది?"

"ఏదంటే... కరెంటే అన్నా."

అందరూ చెప్పే జవాబే అది. కానీ ఆర్‌వీకి కరెంటు ఆపేసేవి కనీసం నాలుగుంటాయి. ఆర్‌వీలు ఆపుకునే పార్కులో కరెంటిచ్చే బయటి పెట్టె, అంటే పెడెస్టల్, దాని మీద ఉండే బ్రేకర్ ఒకటి. ట్రైలర్ లోపలి ప్యానెల్లో ఉండే బ్రేకర్లు. ఇంటి గ్యారేజీ సాకెట్‌లో ఉండే జీఎఫ్‌సీఐ. ఇవి కాక, కొందరు ట్రైలర్‌లో పెట్టించుకునే ఈఎంఎస్ అనే కాపలా పెట్టె. బ్రేకర్ కరెంటు మోతాదు మించితే పడుతుంది. జీఎఫ్‌సీఐ వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. 5 మిల్లీఆంపుల తేడా వచ్చినా పడిపోతుంది. ఈఎంఎస్ చూసేది వోల్టేజీని, వైరింగు తప్పుల్ని. మన నోట అన్నీ "ట్రిప్పే" గానీ, ఏది పడిందో తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఒక్కొక్కటే అడిగితే విడివిడిగా బయటికొచ్చాయి. ఇంటి దగ్గర పడేది గ్యారేజీ గోడ సాకెట్ మీది జీఎఫ్‌సీఐ. అది ఒక్కోసారి పెట్టగానే పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా నిలబడుతుంది. పార్కులో పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక ట్రైలర్ మొత్తం ఆగిపోయి, రెండు నిమిషాల పైచిలుకు తర్వాత దానంతట అదే వస్తుంది. బ్రేకర్ దానంతట అది పైకి లేవదు కాబట్టి ఇది ఈఎంఎస్ పని. ఇవి రెండూ కాక, "రాత్రి వంట టైములో ఒకసారి బయటి పెట్టెలో బ్రేకర్ కూడా పడిందన్నా" అన్నాడు.

మూడు ట్రిప్పులు, మూడు వేర్వేరు పరికరాలు. వీటికి తోడు ఒక షాక్. షాక్ అన్నమాట విన్నాక నేను వచ్చేదాకా ఆగమనడం కుదరదు. పెడెస్టల్ బ్రేకర్ దించేసి, కేబుల్ ఊడదీసి, అందరినీ చెట్టు కింద కూర్చోమని చెప్పి బయల్దేరాను.

షోర్ పవర్ సంగతి కొంచెం

ఈ పేరు ఓడల నుంచి వచ్చింది. ఓడ రేవుకు చేరాక సొంత జనరేటర్ ఆపేసి ఒడ్డు నుంచి కరెంటు తీసుకుంటుంది, అది షోర్ పవర్. ఆర్‌వీ కూడా అంతే, పార్కుకు చేరాక పెడెస్టల్‌కు కేబుల్ తగిలిస్తాం. అమెరికాలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. 30 ఆంపులది ఒకటి. దీనికి మూడు పిన్నులుంటాయి: 120 వోల్టుల ఫేజ్ ఒకటి, న్యూట్రల్, ఎర్త్. మొత్తం మీద 3,600 వాట్లు, అంతకు మించి రావు. 50 ఆంపులదానికి నాలుగు పిన్నులు, ఫేజులు రెండు. రెండు ఫేజుల మధ్య 240 వోల్టులు, ఒక్కో ఫేజుకు న్యూట్రల్‌తో 120. అది 12,000 వాట్ల దాకా ఇస్తుంది. పేరులో 30, 50 అని చూసి రెట్టింపు కూడా లేదనుకుంటారు గానీ, నిజానికి తేడా మూడు రెట్ల పైనే.

ఈ కేసులోది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, 30 ఆంపులది. పైకప్పు మీద 13,500 బీటీయూ ఏసీ, 1,440 వాట్ల కరెంటు ఎలిమెంటు ఉన్న 6 గ్యాలన్ల వాటర్ హీటర్, మైక్రోవేవ్, గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్, బ్యాటరీని ఛార్జ్ చేస్తూ 12 వోల్టులిచ్చే కన్వర్టర్. పాత ఓనరు పుణ్యమా అని ప్యానెల్ పక్కన ఈఎంఎస్ బిగించి ఉంది. కేబుల్ ట్రైలర్‌కు అతికి ఉండదు. 30 అడుగుల కేబుల్‌ను ట్రైలర్ గోడకున్న ఇన్‌లెట్లో పెట్టి, మెలితిప్పి బిగించాలి.

పెడెస్టల్ దగ్గర

నేను చేరేసరికి పదిన్నర. అప్పటికే ఎండ మాడ్చేస్తోంది. ఫోన్ చేసిన కుర్రాడి నాన్నగారు కుర్చీ లాక్కుని పెడెస్టల్ పక్కనే కూర్చున్నారు. ఖమ్మం జిల్లాలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారట. జేబులో నియాన్ టెస్టర్ ఉంది. ఊరి నుంచి వస్తూ సూట్‌కేసులో వేసుకొచ్చారు!

"బాబూ, నన్నడిగితే ఇది న్యూట్రల్ సంగతి. నువ్వు చూడు, న్యూట్రలే వదులై ఉంటుంది" అన్నారు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. మన ఊళ్లలో స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఏమవుతుందో తెలియనివాళ్లు తక్కువ. ఒకరింట్లో బల్బులు మినుకుమంటాయి, పక్కింట్లో భగ్గున వెలిగి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. ఇక్కడ 50 ఆంపుల ఆర్‌వీల్లోనూ సరిగ్గా అదే జరుగుతుంది. రెండు ఫేజుల మధ్య న్యూట్రల్ పోతే, 240 వోల్టులను రెండు వైపుల లోడ్లు ఎలా పడితే అలా పంచుకుంటాయి. లోడ్ తక్కువ ఉన్న వైపు 180 వోల్టులు కూడా రావచ్చు. "కానీ బాబాయ్ గారూ, ఇది 30 ఆంపులది. ఫేజ్ ఒక్కటే. ఇందులో న్యూట్రల్ పోతే వోల్టేజీ పెరగదు, అంతా ఆగిపోతుంది" అన్నాను. ఆయన తలూపారు గానీ ఒప్పుకున్నట్టు లేరు.

కేబుల్ పెట్టకముందే సాకెట్‌ను మీటరుతో చూశాను. ఫేజ్–న్యూట్రల్ 120.6, ఫేజ్–ఎర్త్ 120.5, న్యూట్రల్–ఎర్త్ దాదాపు సున్నా. ఈ పని నేను ఎప్పుడూ మానను, పార్కు ఎంత మంచిదైనా సరే. 30 ఆంపుల ట్రైలర్లను చంపేసే అతి పెద్ద తప్పు పార్కుల్లో కంటే ఇళ్లలోనే ఎక్కువ జరుగుతుంది. ట్రైలర్ కోసం ఇంటి పక్కన టీటీ-30 అనే 30 ఆంపుల సాకెట్ పెట్టమంటే, కొందరు ఎలక్ట్రీషియన్లు దాన్ని బట్టలారబెట్టే డ్రయ్యర్ సాకెట్‌లా అనుకుని 240 వోల్టులు కలిపేస్తారు. చూడ్డానికి రెండూ ఒకే కుటుంబంలా ఉంటాయి మరి. పెట్టిన క్షణంలో కన్వర్టర్, మైక్రోవేవ్ బోర్డు, ఫ్రిజ్ బోర్డు వరసగా పోతాయి. అలాంటి ట్రైలర్ ఒకటి బాగుచేశాక, సాకెట్ చూడకుండా ప్లగ్ పట్టుకోవడం మానేశాను.

ఇక్కడ మాత్రం అంతా సవ్యంగా ఉంది. పోయిన నెల వచ్చినతనూ ఇదే చూశాడట. "పెడెస్టల్ బాగుంది, నీ ఈఎంఎస్ చెడిపోయింది, అది కరెంటు కోయకుండా బైపాస్‌లో పెట్టుకో" అని చెప్పి వెళ్లాడట. బైపాస్‌లో పెట్టిన రోజు ఏసీ మూలుగుతున్నట్టు చప్పుడు చేస్తే భయపడి మళ్లీ మామూలుగా పెట్టేశారు. ఆ భయమే కంప్రెసర్‌ను బతికించింది. వోల్టేజీ పడిపోతే కంప్రెసర్ మోటారు ఎక్కువ ఆంపులు లాగి వేడెక్కుతుంది, స్టార్టయ్యేటప్పుడు బలం చాలక అక్కడే ఆగిపోతుంది. ఈఎంఎస్ 104 వోల్టుల దగ్గర కోసేసి, తిరిగి కలపడానికి రెండు నిమిషాలు ఆగేది అందుకే.

లోడ్ మీద కొలిస్తే

లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజీ పెళ్లిచూపుల్లో మర్యాద లాంటిది. అసలు గుణం సంసారం మొదలయ్యాకే తెలుస్తుంది. తీగ చివర ఒక్క పోగు అంటుకుని ఉన్నా, లోడ్ లేనప్పుడు మీటరు 120 చూపిస్తుంది. కరెంటు పారితేనే వోల్టేజీ పడుతుంది.

షాక్ సంగతి తేలలేదు కాబట్టి ముందు వాటర్ హీటర్ బ్రేకర్ దించేశాను. కేబుల్ పెట్టి పెడెస్టల్ బ్రేకర్ ఎత్తాక, ఎవరూ తలుపు ముట్టకుండా, నాన్ కాంటాక్ట్ టెస్టర్‌ను ట్రైలర్ రేకు దగ్గర పెట్టి చూశాను. కూత లేదు. మీటరుతో రేకుకూ పెడెస్టల్ ఎర్త్‌కూ మధ్య కొలిచాను, ఏమీ లేదు. ఆ తర్వాతే లోపలికి వెళ్లి ఏసీ, ఫ్రిజ్ కరెంటు మీద ఆన్ చేశాను. క్లాంప్ మీటరులో ఏసీ 14, కన్వర్టర్ 5, ఫ్రిజ్ 3, మొత్తం 22 ఆంపులు. పావుగంట అలా నడవనిచ్చాను. లూజ్ కాంటాక్టులు వేడెక్కాకే నిజరూపం చూపిస్తాయి.

అప్పుడు కొలతలివి. పెడెస్టల్ దగ్గర ఫేజ్–న్యూట్రల్ 116.4. ట్రైలర్ లోపల 108.0. మధ్యలో 8.4 వోల్టులు మాయం.

అంత పోవచ్చా? లెక్క వేద్దాం. 10 గేజ్ రాగి తీగ వెయ్యి అడుగులకు సుమారు 1 ఓమ్. కేబుల్ 30 అడుగులు, ట్రైలర్ లోపల ఇంకో 20 అనుకుంటే 50. అంటే వెళ్లేదారిలో 0.05 ఓమ్, వచ్చేదారిలో 0.05 ఓమ్. 22 ఆంపులకు ఒక్కో దారిలో 1.1 వోల్టు, రెండూ కలిపి 2.2 పోవాలి. పోతున్నది 8.4. ఎక్కడో 6 వోల్టులు తినేస్తున్న చోటుంది.

ఆ చోటు ఫేజ్ దారిలో ఉందా, న్యూట్రల్ దారిలో ఉందా అని తెలుసుకోవడానికి పొడుగు తీగలు లాగక్కర్లేదు. దీనికి ఎర్త్ పనికొస్తుంది. మామూలుగా ఎర్త్ తీగలో కరెంటు పారదు కాబట్టి దానిలో వోల్టేజీ పడదు. పెడెస్టల్ దగ్గరా ట్రైలర్ లోపలా దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. దాన్ని గోడకు కట్టిన దారంలా పట్టుకుని న్యూట్రల్ ఎంత జారిందో చూడొచ్చు. లోడ్ మీద న్యూట్రల్–ఎర్త్ పెడెస్టల్ దగ్గర 1.9 వోల్టులు. ట్రైలర్ సాకెట్లో 9.0. అంటే 8.4లో 7.1 వోల్టులు న్యూట్రల్ దారిలోనే పోతున్నాయి. ఫేజ్ దారికి మిగిలింది 1.3, అది ఉండాల్సినంతే.

"న్యూట్రలే బాబాయ్ గారూ" అన్నాను బయటికొచ్చి. ఆయనేం గర్వపడలేదు. లేచి వెళ్లి కేబుల్ పొడవునా అరచేయి పెట్టుకుంటూ నడిచారు, ట్రైలర్ గోడ దగ్గర ఆగారు. "వేడి ఎక్కడుంటే లూజు అక్కడ" అన్నారు. నా దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంది. ఇన్‌లెట్ ప్లాస్టిక్ మీద పెడితే 74 డిగ్రీల సెల్సియస్. పక్కన నీడలో ఉన్న గోడ 36. అయితే చేత్తో తడమడం మాత్రం ఎవరికీ చెప్పను. ఆయన కూడా నలభై ఏళ్ల అలవాటు కొద్దీ చేశారు గానీ, నేను కొంచెం గట్టిగానే వద్దన్నాను.

ఆరు వోల్టులు, 22 ఆంపులు: 132 వాట్లు. చిన్న పనులకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. బొటనవేలంత చోటులో అలాంటివి ఐదు పెట్టి గంటల తరబడి వదిలేసినట్టు.

పెడెస్టల్ బ్రేకర్ దించి, కేబుల్ రెండు వైపులా ఊడదీసి, కరెంటు లేదని మీటరుతో చూసుకుని ఇన్‌లెట్ విప్పాను. న్యూట్రల్ స్క్రూ దగ్గర తెల్ల తీగ ఇన్సులేషన్ రెండంగుళాల మేర గోధుమరంగుకు తిరిగి, అప్పడంలా విరుగుతోంది. రాగి నల్లబడింది. స్క్రూ నా వేళ్లతోనే తిరిగింది. పాత ఓనరు ఎప్పుడో ఇన్‌లెట్ మార్చినట్టున్నాడు. తీగ చివర తొక్క సరిగ్గా తీయకుండా, సగం ప్లాస్టిక్ మీదే స్క్రూ బిగించాడు. ప్లాస్టిక్ వేడికి మెత్తబడింది, బిగువు పోయింది, వేడి ఇంకా పెరిగింది. ఇలాంటి చోట వేడి తనను తానే పెంచుకుంటూ పోతుంది. కేబుల్ వైపు ప్లగ్‌లో కూడా న్యూట్రల్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది.

ఇక్కడ చాలామంది ఇన్‌లెట్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు. కేబుల్ ప్లగ్‌లో కాలిన రంధ్రం లోపలి స్ప్రింగు బిగువు పోయి ఉంటుంది. దాంట్లో కొత్త పిన్ను పెడితే మూడు నెలల్లో కొత్తదీ కాలుతుంది. జోడీగానే మార్చాలి. తీగను మెరిసే రాగి కనపడేదాకా వెనక్కి కోశాను. మూడంగుళాలు పోయాయి, అదృష్టం కొద్దీ గోడ లోపల కొంచెం ఎక్కువ తీగ వదిలారు. కొత్త ఇన్‌లెట్, కేబుల్‌కు కొత్త ప్లగ్, స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువుకు (టార్క్). మళ్లీ అదే 22 ఆంపుల లోడ్: మొత్తం 2.4 వోల్టులు పడింది, న్యూట్రల్ దారిలో 1.1.

పొద్దున బాగుండి మధ్యాహ్నమే ఎందుకు పోయేదో ఇప్పుడు తేలిక. మధ్యాహ్నం పార్కంతా ఏసీలు వేస్తారు. ఆ రోజు నాలుగింటికి పెడెస్టల్ దగ్గర లోడ్ మీద 112 చూశాను. అందులోంచి పాత 8.4 తీసేస్తే 103.6. ఈఎంఎస్ గీత 104. లోడ్ ఆగగానే వోల్టేజీ లేస్తుంది, రెండు నిమిషాలయ్యాక ఈఎంఎస్ మళ్లీ కలుపుతుంది, కాసేపటికి మళ్లీ కోసేస్తుంది. కెపాసిటర్ మార్చినా, ఏసీ మొత్తం మార్చినా ఇది పోయేది కాదు. ఈఎంఎస్ పెడెస్టల్ దగ్గర తగిలించే రకమైతే, పార్కు వోల్టేజీ మాత్రమే చూసి "అంతా బాగుంది" అనేది, ఇన్‌లెట్ గోడలో కాలుతూ ఉండేది. లోపల బిగించింది కాబట్టే ఇన్‌లెట్ నష్టం కూడా దాని లెక్కలోకి వచ్చింది.

ఇంటి దగ్గర జీఎఫ్‌సీఐ

భోజనాలయ్యాయి. ట్రైలర్ పక్కన మడత బల్ల మీద పులిహోర, వడియాలు. తర్వాత రెండో ట్రిప్పు మొదలుపెట్టాను.

జీఎఫ్‌సీఐ పడుతోందంటే నాకు మొదట గుర్తొచ్చేది న్యూట్రల్, ఎర్త్ కలిసిపోవడం. ఇంటి మెయిన్ ప్యానెల్లో ఈ రెండూ ఒకచోట కలిసే ఉంటాయి. ఆర్‌వీ ప్యానెల్లో మాత్రం విడిగా ఉండాలి. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో ఆర్‌వీలకు కేటాయించిన 551వ ఆర్టికల్ చెప్పేదీ అదే. కలిసే చోటు బయట, కరెంటు సరఫరా మొదట్లో ఒక్కటే ఉండాలి. ఇళ్ల వైరింగు అలవాటైనవాళ్లు ట్రైలర్ ప్యానెల్ ముట్టుకుంటే చేసే తప్పు ఈ రెండింటినీ కలిపేయడం.

కేబుల్ ఊడదీసి, బ్యాటరీ కూడా విప్పి, ప్యానెల్లో న్యూట్రల్ బార్‌కూ ఎర్త్ బార్‌కూ మధ్య ఓమ్‌లు చూశాను. సుమారు 8 వేలు. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. రెండూ నేరుగా కలిస్తే మీటరు సున్నా చూపించాలి, 8 వేలు కాదు. ఆ మాట నాకు తెలుసు. అయినా ముందే మనసులో పెట్టుకున్న అనుమానం వదల్లేక, ప్యానెల్లో రెండింటినీ కలిపే జంపర్ ముక్క కోసం, సాకెట్ల వెనక తాకే తీగ కోసం అరగంట వెతికాను. ఏమీ లేదు. అప్పుడు దారికొచ్చి న్యూట్రల్ బార్ నుంచి తెల్ల తీగలు ఒక్కొక్కటే విప్పాను. నాలుగోది విప్పగానే 8 వేలు కాస్తా అనంతానికి వెళ్లింది. ఆ తీగ వాటర్ హీటర్‌ది.

వాటర్ హీటర్ దగ్గర ఎలిమెంటు తీగలు రెండూ తీసి కొలిచాను. టెర్మినల్‌కూ టెర్మినల్‌కూ మధ్య 10 ఓమ్‌లు. 1,440 వాట్ల ఎలిమెంటుకు ఉండాల్సింది అంతే, కాబట్టి నీళ్లు చక్కగా కాగుతాయి, ఎవరికీ అనుమానం రాదు. కానీ టెర్మినల్‌కూ ట్యాంకు లోహానికీ మధ్య అనంతం ఉండాల్సిన చోట 8 వేల ఓమ్‌లు. ఎలిమెంటు పైగొట్టం ఎక్కడో చిట్లి, లోపల కరెంటును ఆపే పొడి చెమ్మ పట్టింది. 120 వోల్టులు అక్కడిదాకా వస్తే 15 మిల్లీఆంపులు ట్యాంకు ద్వారా ఎర్త్‌కు పోతాయి. 5కే పడే జీఎఫ్‌సీఐ ఎందుకు ఊరుకుంటుంది?

"మరి రాత్రంతా నిలబడిన రోజులున్నాయిగా అన్నా? అయినా హీటర్ నేనెప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుతాను" అన్నాడు కుర్రాడు. అతను ఆఫ్ చేసేది లోపలి గోడ మీది స్విచ్చి, అది గ్యాసుకు. ఎలిమెంటు స్విచ్చి ఈ మోడల్లో ట్రైలర్ బయట, హీటర్ తలుపు తీస్తే కింద ఎడమ మూలన గోరంత, నల్లగా ఉంటుంది. అది ఆన్‌లోనే ఉంది. కొన్నప్పటి నుంచీ అలాగే ఉండొచ్చు. ట్యాంకులో నీళ్లు వేడిగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ ఫేజ్‌ను కోసేసి ఉంచుతుంది కాబట్టి లీకు లేదు. చల్లబడి థర్మోస్టాట్ కలిసిన క్షణం జీఎఫ్‌సీఐ పడుతుంది. వేళాపాళా లేని ట్రిప్పుకు అదీ కారణం. పార్కులో 30 ఆంపుల సాకెట్‌కు జీఎఫ్‌సీఐ లేదు, అక్కడ ఆ 15 మిల్లీఆంపులు నిశ్శబ్దంగా ఎర్త్‌కు పోయాయి.

మూడో ట్రిప్పు కూడా ఈ స్విచ్చితోనే తేలిపోయింది. ఏసీ, కన్వర్టర్, ఫ్రిజ్ 22. తనకు తెలియకుండా కలిసిన ఎలిమెంటు 12. మొత్తం 34. 30 ఆంపుల బ్రేకర్ కాసేపు ఓర్చుకుని పడింది. అందులో చెడిపోయింది ఏదీ లేదు, బ్రేకర్ తన పని తాను చేసింది.

అమ్మగారి షాక్

ఇది చివరికి ఉంచాను గానీ, కేసు మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది ఇదే.

బయల్దేరే ముందురోజు ఫ్రిజ్ చల్లబడాలని గ్యారేజీ సాకెట్లో పెట్టారు. జీఎఫ్‌సీఐ మళ్లీ మళ్లీ పడుతుంటే విసిగిపోయి, జీఎఫ్‌సీఐ లేని వేరే సాకెట్ నుంచి పాత ఎక్స్‌టెన్షన్ తీగ లాగారు. సాయంత్రం అమ్మగారు చెప్పుల్లేకుండా వాకిట్లో నిలబడి ట్రైలర్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. పెద్దాయన తన టెస్టర్ రేకుకు ఆనిస్తే వెలిగిందట. వెంటనే ప్లగ్ పీకేశారు.

ఆ ఎక్స్‌టెన్షన్ తీగ ట్రైలర్ కింది అరలోనే ఉంది. తీసి చూస్తే మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను లేదు. విరిగిందో, విరిచారో. మన దగ్గర ఎర్త్ పిన్నుకు ఎప్పుడూ అంత గౌరవం లేదు, అది లేకపోయినా ఫ్యాన్ తిరుగుతుంది కదా అనుకుంటాం. ఇక్కడ జరిగింది చూడండి. ఎలిమెంటు లీకు కరెంటుకు వెళ్లే దారి ఎర్త్ తీగ. ఆ దారి లేదు. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ట్రైలర్ రేకంతా 120 వోల్టులకు దగ్గరగా లేచి కూర్చుంది. ఇక కరెంటుకు దొరికిన మొదటి దారి తలుపు పట్టుకున్న మనిషి. నేల ఆ రోజు పొడిగా ఉంది. తడి సిమెంటు మీద వట్టి కాళ్లతో ఉంటే 8 వేల ఓమ్‌ల లీకుకు మనిషి ఒళ్లు ఇంకో వెయ్యి కలుపుకున్నా 13 మిల్లీఆంపులు పారతాయి. 10 దాటితే చాలు, కొందరికి పట్టుకున్న చెయ్యి వదలడం చేతకాదు. జీఎఫ్‌సీఐ ఈ సంగతే మూడు నెలలుగా చెబుతూ వచ్చింది, దాన్ని దాటి పక్క సాకెట్‌కు వెళ్లారు.

ఇదంతా వివరిస్తుంటే కుర్రాడి ముఖం పాలిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. నా టూల్ బాక్సులోంచి కట్టర్ తీసుకుని ఆ ఎక్స్‌టెన్షన్‌ను నాలుగు చోట్ల కోసి చెత్తబుట్టలో వేశారు. ఎవరూ ఏరుకుని వాడకుండా.

ట్యాంకులో నీళ్లు చల్లారేదాకా ఆగి, ఖాళీ చేసి, కొత్త ఎలిమెంటు బిగించాను. మళ్లీ నీళ్లు నింపి, లోపల వేడినీళ్ల కుళాయి తిప్పి గాలి లేకుండా నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్చి వేశాను. నీళ్లు లేకుండా వేస్తే ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది. న్యూట్రల్ బార్, ఎర్త్ బార్ మధ్య ఇప్పుడు మీటరు ఏమీ చూపించడం లేదు. నా వ్యాన్‌లో ఎప్పుడూ ఒక జీఎఫ్‌సీఐ ఎడాప్టర్ ఉంచుకుంటాను. పెడెస్టల్ మీది చిన్న సాకెట్‌కు దాన్ని తగిలించి, దాని నుంచి ట్రైలర్‌కు కరెంటిచ్చి, హీటర్ ఒక్కటే వేసి గంటసేపు చూశాం. పడలేదు.

వెళ్లేముందు పార్కు ఆఫీసులో ఒక మాట చెప్పాను, సాయంత్రం 112కు జారుతోందని. విన్నారు. ఏం చేస్తారో వాళ్లిష్టం, ఈ ట్రైలర్‌కు మాత్రం లోపల 109.6 అందుతుంది, అది చాలు. వోల్టేజీ పెంచే ఆటోట్రాన్స్‌ఫార్మర్ కొనమంటావా అని కుర్రాడు అడిగాడు. ఇన్‌లెట్ కాలుతుండగా అది కొని ఉంటే లోపల 113 కనిపించేది, ఈఎంఎస్ నోరు మూసుకునేది, గోడ మాత్రం కాలుతూనే ఉండేది. వద్దన్నాను.

మూడు వారాల తర్వాత వేరే పార్కు నుంచి ఒక ఫొటో పంపాడు. సాయంత్రం ఐదు గంటలకు ఈఎంఎస్ తెరపై 111. ఇంకో ఫొటోలో హీటర్ తలుపు లోపల, ఆ నల్ల స్విచ్చి పైన తెల్ల టేపు అతికించి ఉంది. దాని మీద అమ్మగారి చేతిరాత: "నీళ్లు నింపాకే. ఏసీ ఆపాకే."